మొగులు పట్టాక తీసే ఫొటో

పచ్చల సోమేశ్వరాలయం గోడలను నడి మధ్యాహ్నపు ఎండలో ఫొటో తీస్తే శిల్పం సగానికి సగం దక్కదు. ఎండ తగిలిన అంచు తెల్లగా వెలిసిపోతుంది, దాని కింది మడత నల్లగా మూసుకుపోతుంది. నల్గొండను ఆనుకుని ఉన్న పానగల్లులోని ఈ గుడి కుందూరు చోడుల కాలం నాటిది. గోడల మీద రామాయణ, భారత ఘట్టాలు చెక్కి ఉన్నాయి. అవి కళ్లకు కట్టాలంటే మొగులు పట్టాలి. అప్పుడు వెలుతురు ఒక్క దిక్కు నుంచి కాక ఆకాశమంతటి నుంచీ దిగుతుంది, మడతల్లోకీ చేరుతుంది. ఒక జల్లు పడిందా, ఇక చూడాలి! తడిసిన నల్లరాయి మరింత నల్లబడి, ఉలి అంచుల వెంట సన్నని మెరుపు గీత నిలుస్తుంది.

కష్టమంతా వెలుతురు కొలతలోనే. ఫ్రేమ్ నిండా నల్లరాయి ఉంటే కెమెరా చీకటనుకుని ఎక్స్‌పోజర్ పెంచేస్తుంది, మబ్బు ఎక్కువైతే తగ్గించేస్తుంది. దాని లెక్కకు వదిలేయకూడదు. మబ్బులో అతి తెల్లటి చోటు చూసుకుని, అది వెలిసిపోకుండా ఎక్స్‌పోజర్ పెట్టుకోవాలి. రా ఫైల్‌గా తీస్తే గోడ మీది చీకటిని తర్వాత కొంత తేటపరచవచ్చు, పూర్తిగా తెల్లబడిన మబ్బును మాత్రం ఎవరూ వెనక్కి తేలేరు. మూడు ఎక్స్‌పోజర్లు కలిపే పద్ధతి నిలకడైన ముసురుకు సరిపోతుంది, మబ్బు పరుగెత్తుతుంటే పనికిరాదు.

పాలమూరు వైపు వాన తక్కువ. పడమటి కనుమల చాటు నేల కదా, మబ్బులు తరచూ విడివిడిగానే వస్తాయి. గద్వాల కోటకు అదే వరం. సాయంత్రం వాన తూర్పుకు జరిగి, పడమట మబ్బు కింది నుంచి సూర్యుడు తొంగిచూసినప్పుడు ఎండను వీపుకు పెట్టుకుని నిలబడాలి. కారుమబ్బు ముందు కోటగోడ వెలుగుతుంది. ఆ వెలుగు నిమిషాల్లో పోతుంది, కాబట్టి చోటు ముందే చూసుకోవాలి. కెమెరాను పైకెత్తితే బురుజులు వెనక్కి వాలినట్టు పడతాయి, దూరం జరిగి మట్టంగా పట్టాలి. ఉరుము వినపడిందంటే మాత్రం ట్రైపాడ్ మడిచి లోపలికి వెళ్లాల్సిందే.

పాలమూరుకు ఎవరి పేరు పెట్టారో ఆ నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ (1844–1905). ఆ కాలపు గాజుపలకలకు నీలిరంగు అతిగా సోకేది, ఆకాశం తెల్లకాగితంలా పడేది. 1850లలోనే ఫ్రాన్స్‌లో గుస్తావ్ లె గ్రే మబ్బును వేరే నెగెటివ్ నుంచి తెచ్చి అతికించేవాడు. అప్పటి పరికరానికి అది తప్పనిసరి. ఇప్పుడు ఫోన్ యాప్‌తో ఎక్కడి మబ్బునో గుడి మీద అతికించడం నాకు సమ్మతం కాదు. చారిత్రక కట్టడం ఫొటో సాక్ష్యం కూడా.

శ్రీశైలం ముంపు కారణంగా కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని విప్పి, అలంపురంలో మళ్లీ కట్టారు. అలాంటి పనికైనా, మామూలు మరమ్మతుకైనా రాళ్ల తీరు తెలియాలి. ఏ అతుకు దగ్గర నీరు కారుతోందో, ఏ కప్పురాయి చెమ్మ పట్టిందో వానలో తీసిన ఫొటోయే చూపుతుంది. అందుకే తేదీ రాసి, ప్రతి వానకాలం అదే చోటు నుంచి, అదే లెన్స్‌తో తీసి దాచాలి.