పేరు పెట్టి చేసే ప్రార్థన

"విదేశాల్లో సేవ చేస్తున్న మిషనెరీలందరినీ దీవించు తండ్రీ!" ఆదివారం ఆరాధనలో ఈ మాట వినబడని సంఘం అరుదు. ఒక్క ఊపిరిలో లోకమంతా చుట్టి వచ్చే ఈ ప్రార్థనతో ఓ చిక్కుంది. అది నెరవేరిందో లేదో చేసినవాళ్లకు ఎప్పటికీ తెలియదు. ఏ దేశం, ఏ కుటుంబం, ఆ ఇంట్లో ఈ వారం ఎవరికి జ్వరం అన్నది తెలియకుండా ఎన్నాళ్లని ఆసక్తిగా ప్రార్థిస్తారు? మిషనెరీ కుటుంబాల కోసం ప్రార్థించే సంప్రదాయం మూడు శతాబ్దాలుగా తేల్చుకుంటున్న ప్రశ్న ఇదే. దానికి దొరికిన జవాబు చాలా మామూలుది. ఉత్తరం.

ఈ విద్య బాగా ఎరిగినవాడు జేమ్స్ ఫ్రేజర్. లండన్ ఇంపీరియల్ కాలేజీలో ఇంజనీరింగు చదివి, 1908లో చైనా ఇన్‌లాండ్ మిషన్ తరఫున చైనా వెళ్లాడు. బర్మా సరిహద్దున యునాన్ కొండల్లో ఉండే లీసు ప్రజలు అతని కార్యక్షేత్రం. అప్పటికింకా పెళ్లి కాలేదు. ఇంగ్లండులోని లెచ్‌వర్త్‌లో ఉన్న తల్లి తనకు తెలిసినవాళ్లను కొద్దిమందిని కూడగట్టి, కొడుకు పని కోసం ప్రార్థన కూడిక పెట్టింది. ఫ్రేజర్ ఆ గుంపుకి పొడవాటి ఉత్తరాలు రాసేవాడు. లీసులు దయ్యాలకు ఎందుకు భయపడతారు, పండగ తాగుడు ఎక్కడికి దారితీస్తుంది, ఏ ఊళ్లో ఎవరు మొగ్గు చూపి వెనక్కి తగ్గారు వంటివన్నీ ఉండేవి. తన నిరుత్సాహాన్నీ దాచుకునేవాడు కాదు.

అతని లెక్కలో లెచ్‌వర్త్‌లో మోకరించేవాళ్లు సహాయకులు కారు, ఆ పనిలో సగానికి హక్కుదార్లు. కాబట్టి వాళ్లకు సమాచారం ఇవ్వడం మర్యాద కోసం చేసే పని కాదు, బాధ్యత. ఏళ్లపాటు చెప్పుకోదగ్గ ఫలితమేమీ కనబడలేదు. 1916లో వందకు పైగా లీసు కుటుంబాలు కొద్ది నెలల్లోనే క్రైస్తవం పుచ్చుకున్నాయి. అలా జరగడానికి ప్రార్థనే కారణమా అన్నది ఎవరి విశ్వాసాన్ని బట్టి వాళ్లు చెప్పుకోవాల్సిన మాట. అన్నాళ్లు ఫలితం లేకపోయినా ఇంగ్లండులోని ఆ గుంపు చెదరలేదన్నది మాత్రం చరిత్ర.

ఈ పద్ధతి ఫ్రేజర్‌తో పుట్టింది కాదు. రోమా సంఘానికి రాసిన పత్రిక 15వ అధ్యాయంలో పౌలు ముందుగా అడిగినవి రెండు స్పష్టమైన మనవులు. యూదయలోని అవిధేయుల చేతిలోంచి తప్పించుకోవాలి, యెరూషలేముకు తను మోసుకెళ్తున్న పరిచర్య అక్కడి పరిశుద్ధులకు ప్రీతికరం కావాలి. 1727 ఆగస్టులో జర్మనీలోని హెర్న్‌హూట్‌లో మొరేవియన్ క్రైస్తవులు 24 మంది పురుషులు, 24 మంది స్త్రీలు గంటకొకరు చొప్పున వంతులు వేసుకుని రాత్రింబవళ్లు ప్రార్థన మొదలుపెట్టారు. మన సంఘాల్లో గొలుసు ప్రార్థన అంటున్నదానికి ఇది పెద్దక్క. 1732లో అదే ఊరినుంచి ఇద్దరు కరీబియన్‌లోని సెయింట్ థామస్ దీవికి మిషనెరీలుగా బయల్దేరారు. దూరదేశాల నుంచి వచ్చిన ఉత్తరాలను ఆ సంఘం సమావేశాల్లో పైకి చదివి వినిపించేవారు.

ఇంగ్లండులో నార్తాంప్టన్‌షైర్ బాప్తిస్టులు 1784 నుంచి ప్రతి నెలా మొదటి సోమవారం ఒక గంట ప్రార్థనకు కేటాయించారు. ఎనిమిదేళ్ల తరవాత ఆ సంఘాల మధ్యనుంచే బాప్తిస్టు మిషనెరీ సొసైటీ పుట్టింది. ఆ సొసైటీ మిషనెరీగా 1793లో విలియం కేరీ భార్య డొరొతీతో, నలుగురు కొడుకులతో బెంగాల్‌కు ఓడెక్కాడు. మరుసటి ఏడాదే అయిదేళ్ల పీటర్ విరేచనాలతో చనిపోయాడు. డొరొతీ మతి చలించింది, 1807లో కన్నుమూసేదాకా కోలుకోలేదు. ఇంగ్లండు నుంచి ఉత్తరం రావడానికి నెలల తరబడి పట్టే రోజులవి. మిషనెరీ కోసం ప్రార్థించడమంటే ప్రసంగాల కోసమే కాదు, అతని ఇంటి కోసమూ ప్రార్థించాలని నేర్పిన కథల్లో ఇది మొదటి వరసలో ఉంటుంది.

తెలుగు నేలమీద ఈ సంప్రదాయానికి గుర్తు ఒంగోలు కొండ. నెల్లూరు మిషన్‌ను మూసేద్దామా అని అమెరికా బాప్తిస్టులు 1853లో తర్జనభర్జన పడ్డారు. ఆ మరుసటి సంవత్సరం జనవరి 1న ఆ మిషన్‌కు చెందిన లైమన్ జువెట్, ఆయన భార్య, ముగ్గురు తెలుగు విశ్వాసులు తెల్లవారుజామున ఆ కొండెక్కి ఒంగోలుకు ఒక మిషనెరీని పంపమని ప్రార్థించారు. జాన్ క్లౌ అక్కడికి వచ్చి స్థిరపడింది 1866లో. 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. కొండమీది ప్రార్థనకు అది జవాబని సంఘం చెప్పుకుంటుంది. అంతకుముందు విరుచుకుపడ్డ కరువును, కరువు కూలీలకు తిండి పెట్టిన బకింగ్‌హాం కాలువ పనులను, మాదిగపల్లెల్లో తిరిగిన యెర్రగుంట్ల పేరయ్య కృషిని చరిత్రకారులు గుర్తుచేస్తారు.

పావు శతాబ్దం తిరిగేసరికి పంపేవాళ్లు తెలుగువాళ్లే అయ్యారు. 1860 నుంచి మద్రాసు రేవులో ఓడెక్కి నేటాల్ చెరకు తోటలకు కూలికి వెళ్లినవాళ్లలో తెలుగు క్రైస్తవులూ ఉన్నారు. వాళ్లకో కాపరి కావలసి వచ్చాడు. తెలుగు బాప్తిస్టుల హోం మిషనెరీ సొసైటీ 1903లో జాన్ రంగయ్యను కుటుంబంతో సహా దక్షిణాఫ్రికాకు పంపింది. అదే ఏడాది డిసెంబరులో కియర్స్నీ తేయాకు ఎస్టేటులో తెలుగు బాప్తిస్టు సంఘం ఏర్పడింది. 1915లో చనిపోయేదాకా ఆయన ఆ పనిలోనే ఉన్నారు. విదేశీ దొరల కోసం ప్రార్థించడం అలవాటైన సంఘాలు తమ ఇంటి మనిషి కోసం సముద్రం అవతలికి చూడడం అప్పుడు నేర్చుకున్నాయి.

ఇప్పటి ప్రేయర్ లెటర్ చాలామటుకు వాట్సాప్‌లో వస్తుంది. మంచి లెటర్ ఒక పేజీ దాటదు. అంశాలు అయిదారు, ప్రతిదానికీ ఒక తేదీ. "మంగళవారం వీసా రెన్యువల్ ఇంటర్వ్యూ. బాబుకి స్కూల్లో ఇంకా భాష పట్టుబడలేదు, పక్కన కూర్చునేవాడు లేడు. ఊళ్లో అత్తగారికి మోకాలి ఆపరేషన్, మేం రాలేం." శుక్రవారం ఉపవాస కూడికలో స్త్రీలు ఈ మూడూ పంచుకుంటారు. వీసా సంగతి ఒకరు, బాబు సంగతి మరొకరు, అత్తగారి సంగతి ఇంకొకరు ఎత్తి ప్రార్థిస్తారు. అత్తగారు ఉండేది దగ్గరి ఊరే అయితే వీళ్లలో ఒకరు ఆస్పత్రికి అన్నం క్యారేజీ కూడా పట్టుకెళ్తారు. వచ్చే నెల లెటర్‌లో "స్తుతి అంశాలు" ముందుంటాయి. పోయిన నెల అడిగినవాటిలో ఏది జరిగింది, ఏది జరగలేదు అని. జరగనిదాన్ని మింగేసే లెటర్లను అనుభవమున్న ప్రార్థనాపరులు ఇట్టే పసిగడతారు.

రాయకూడనివీ ఉంటాయి. మతప్రచారంపై ఆంక్షలున్న దేశాల్లో ఊరి పేరు, కొత్త విశ్వాసుల పేర్లు, ఫోటోలు బయటికి పొక్కితే ప్రమాదం మిషనెరీకన్నా స్థానికులకే ఎక్కువ. అందుకే పొడి అక్షరాలు, మారుపేర్లు, ఫార్వర్డ్ చేయొద్దన్న గమనిక. భార్యాభర్తల మధ్య నలుగుతున్న విషయం, కుంగుబాటు లాంటివి అందరికీ వెళ్లే లెటర్‌లో పెట్టరు. ముగ్గురు నలుగురు నమ్మకస్తులకు విడిగా చెబుతారు. పక్కింటివాళ్ల కష్టాన్ని వాళ్లకు తెలియకుండా ప్రార్థన మనవిగా ఊరంతా చాటడం తగునా అన్న ప్రశ్న కూడా ఇప్పుడు వినబడుతోంది.

కుటుంబం తిరిగొచ్చాక లెటర్లు ఆగిపోతాయి. అసలు ఇబ్బంది చాలామందికి అక్కడే మొదలవుతుంది. పరదేశంలో పెరిగిన పిల్లలకు తెలుగు చదవడం రాదు, తండ్రికి ఇక్కడ ఏం పని చేయాలో తేలదు, అద్దె ఇల్లు దొరకదు. ఈ సంగతి ఎరిగిన గుంపులు సామాన్లు దిగిన రోజునే జాబితా మూసేయవు. స్కూలు అడ్మిషన్, ఇల్లు, ఉద్యోగం అని కొత్త అంశాలు రాసుకుని, ఎప్పటిలాగే పక్కన తేదీలు వేసుకుంటాయి.