కొమ్మకు కత్తి పెట్టే ముందు

కాయలు దించేశాక మామిడిచెట్టును అందరూ మరచిపోతారు. మళ్లీ గుర్తొచ్చేది సంక్రాంతికి పూత కనిపించినప్పుడే. నా మటుకు నాకు చెట్టుతో అసలు పని కాయలు దించాకే మొదలవుతుంది.

మా పెరట్లోని చిన్నరసం చెట్టు తాతయ్య నాటింది. అంత వయసొచ్చిన చెట్టుకు కాపు తగ్గితే ఎరువు చాల్లేదంటారు. చాలాసార్లు చాలనిది వెలుతురు. నడిమి భాగం గుబురుగా అల్లుకుపోయి చీకటైపోతుంది. కాయ చేతికందని చిటారు కొమ్మలకే కాస్తుంది. ఆ చీకట్లోనే తేనెమంచు పురుగు కాపురం పెడుతుంది.

మామిడి ముదిరిన రెమ్మ చివర పూస్తుంది. అందుకే కత్తిరింపు జూన్, జూలైల్లోనే అయిపోవాలి. అప్పుడొచ్చిన చిగురు డిసెంబరు, జనవరికల్లా ముదిరి పూతకొస్తుంది. దసరా దాటాక కొడితే పూత రావాల్సిన చోట లేత చిగురే వస్తుంది. జామ తీరు వేరు. అది కొత్త చిగురు మీదే పూస్తుంది కాబట్టి కత్తెరకు అంతగా భయపడదు.

ముందు తీయాల్సినవి ఎండుకొమ్మలు, బదనిక. బదనికను పైపైన పీకితే మళ్లీ మొలుస్తుంది; అది పాతుకున్న చోటికి కాస్త కిందుగా ఆ కొమ్మనే కోసెయ్యాలి. తర్వాత ఒకదాన్నొకటి రాసుకునేవి. ఆఖర్న, నడుమ వెలుతురుకు అడ్డుపడే పెద్దకొమ్మ ఒకటి. దాన్ని పైనుంచి ఒక్క కోతతో తెగ్గొడితే బరువుకు బెరడు చీలి మొదలుదాకా ఊడొస్తుంది. ముందు అడుగునుంచి ఒక గాటు, దానికి కాస్త అవతల పైనుంచి కోత. బరువు దిగాక మిగిలిన మోడును మొదట్లోని ఉబ్బు తెగకుండా, దానికి ఆనించి తియ్యాలి. చెట్టు తన గాయాన్ని మూసుకునేది ఆ ఉబ్బునుంచే.

గాయానికి బోర్డో పేస్టు పూయాలి. 100 గ్రాముల మైలుతుత్తం, 100 గ్రాముల సున్నం, లీటరు నీళ్లు చాలు. రెండూ చెరో అరలీటరులో విడిగా కలిపి, ఆపైన ఒకటి చెయ్యాలి. ఇనుప పాత్ర పనికిరాదు.

చెట్టు నెత్తినంతా ఒక్కసారే నరికించేవాళ్లను చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది. నీడలో పెరిగిన బెరడు ఎండకు పగిలిపోతుంది, కాండం తొలిచే పురుగు చేరుతుంది, రెండు మూడేళ్లు కాయ కళ్లపడదు. ఆ పనే మూడేళ్లకు పంచుకుంటే ఇంటికి పచ్చడికాయ తప్పదు, చెట్టుకూ ఊపిరాడుతుంది.

ఈసారి మనిషిని పిలిచినప్పుడు "కాస్త తేలిక చెయ్యి బాబూ" అనేసి లోపలికి వెళ్లిపోకండి. కొట్టాల్సిన కొమ్మలకు ముందురోజే సున్నంతో గుర్తు పెట్టండి. పని అయ్యేదాకా కాస్త ఎడంగా నిలబడి చూసుకోండి.