సమగ్ర వేదిక: పేరుపోలిక, అనుమానం, జవాబుదారీతనం

కీలకపదాలు: కృత్రిమమేధ, సమగ్ర వేదిక, వ్యక్తినామాలు, లిప్యంతరీకరణ, అనుమానప్రమాణం.

ప్రభుత్వపాలనలో కృత్రిమమేధ వినియోగాన్ని గురించి తెలుగులో వస్తున్న చర్చ అధికంగా భవిష్యత్తు చుట్టూనే సాగుతున్నది. వివిధ శాఖల సమాచారాన్ని అనుసంధానించడానికి తెలంగాణ ప్రభుత్వం రూపొందించుకొన్న ‘సమగ్ర వేదిక’ మాత్రం ఇప్పటికే ఎదురైన అనుభవం. కేంద్రప్రభుత్వ 2018-19 ఆర్థికసర్వే దీనిని ప్రశంసాపూర్వకంగా పరిచయం చేస్తూ, సుమారు 25 సమాచారనిధులను కలిపే ఆధారంగా వ్యక్తి పేరును, చిరునామాను పేర్కొన్నది. సర్వే ఒక సౌకర్యంగా చెప్పిన ఈ అంశంలోనే అసలు చిక్కు ఉన్నది. అది సాంకేతికమైనది కావడానికి ముందు భాషాపరమైనది.

పేరు - లిపి

ప్రభుత్వ కంప్యూటర్లలో తెలుగువారి పేర్లు ఎక్కువగా ఆంగ్లలిపిలో నమోదవుతాయి. ఆ లిపిలో హ్రస్వదీర్ఘ భేదం నిలవదు. రమ, రామ, రమా అనే మూడు పేర్లకూ ఒకే వర్ణక్రమం సరిపోతుంది. ఇందుకు విపర్యయంగా ఒకే లక్ష్మి ఒక కార్యాలయంలో ‘ఎక్స్’తోను, మరొక కార్యాలయంలో ‘కె.ఎస్.హెచ్.’తోను కనిపిస్తుంది. ఇంటిపేరు ఒకచోట పూర్తిగా ఉంటుంది, మరొకచోట పొడి అక్షరమవుతుంది, వేరొకచోట పేరు చివరకు చేరుతుంది. మహమ్మద్ అనే పేరుకున్న సంక్షిప్తరూపాలు సరేసరి. తరగతిలో హాజరుపట్టీ చదివే అధ్యాపకులకు ఈ తికమక కొత్తది కాదు.

యంత్రం ఈ తేడాలను కొంతవరకు ఉపేక్షించి పోలికను లెక్కగడుతుంది. ఆ ఉపేక్షను పెంచితే ఇద్దరు వ్యక్తులు ఒక్కరవుతారు. తగ్గిస్తే ఒక్కరే ఇద్దరవుతారు. ఎక్కడ ఆపాలన్నది గణితం ఒక్కటే తేల్చగల విషయం కాదు. ఏ పొరపాటు వల్ల ఎవరు నష్టపోతారన్న విచారణ దానికి ముందు జరగాలి.

అనుమానం

తర్కశాస్త్ర పరిభాషలో ఇది అనుమానప్రమాణానికి సంబంధించిన ప్రశ్న. పొగను చూసి నిప్పును ఊహించాలంటే వాటి మధ్య వ్యాప్తి ఉండాలి. నామసామ్యానికీ వ్యక్తుల ఏకత్వానికీ అటువంటి వ్యాప్తి లేదు కనుక ఆ హేతువు అనైకాంతికం. యంత్రం శాస్త్రార్థంలో చేసిన అనుమానం కార్యాలయానికి వచ్చేసరికి లోకార్థంలోని అనుమానంగా మారి పేదవారిమీద పడింది. నాలుగు చక్రాల వాహనం ఉన్నవారు ఆహారభద్రతాకార్డుకు అనర్హులన్న నిబంధనను తప్పుపట్టనక్కరలేదు. బోగస్ కార్డుల బెడదా కల్పితం కాదు. కానీ అల్ జజీరా 2024 జనవరిలో ప్రచురించిన పరిశోధనాత్మక కథనం ప్రకారం, రిక్షా తొక్కి బతికిన ఒకరి కుటుంబం, అటువంటి పేరే గల మరొకరి కారు కారణంగా రేషన్‌కు దూరమైంది. కారు లేదని నిరూపించుకొనే భారం ఆ కుటుంబానిదే అయింది. లేనిదాన్ని ఏ పత్రంతో చూపాలి?

కారణం చెప్పడం

పాలనాపరమైన నిర్ణయాలకు కారణాలను వాటివల్ల ప్రభావితులైనవారికి తెలపాలని 2005 సమాచారహక్కు చట్టంలోని 4(1)(డి) నిర్దేశిస్తున్నది. పై కథనాన్నిబట్టి, కార్డుల రద్దు ముందస్తు నోటీసు లేకుండానే జరిగింది. సోర్స్‌కోడ్ కోరినప్పుడు ప్రైవేటు సంస్థ హక్కులు అడ్డువచ్చాయి. నిజానికి కోడ్ దొరికినా కార్డుదారుకు ఒరిగేది తక్కువే. ఏ నంబరు బండి, ఎవరి పేరుమీద, ఏ చిరునామాలో ఉన్నదని ప్రభుత్వం భావించిందో తెలుగులో ఒక్క వాక్యం రాసి ఇస్తే, అది తనది కాదని ఆ కార్డుదారు అక్కడికక్కడే చెప్పగలరు. ‘బాధ్యతాయుత వినియోగం’ అన్న మాటకు కార్యాలయస్థాయిలో ఇంతకన్న స్పష్టమైన అర్థం కనిపించదు. పేర్లను తెలుగులిపిలోనూ భద్రపరిస్తే కొంత మేలు జరుగుతుంది. అయితే అచ్చంగా ఒకే పేరుగలవారి సమస్య అప్పటికీ మిగులుతుంది కాబట్టి, ఇంటికి వెళ్లి చూసేవరకు కార్డు కొనసాగవలసిందే.

రద్దయిన కార్డులను క్షేత్రస్థాయిలో మళ్లీ పరిశీలించాలని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశించింది. అదే కథనంలోని లెక్కల ప్రకారం 4,91,899 దరఖాస్తులు వచ్చాయి. ఆ ఏడాది జులై నాటికి పరిశీలించిన 2,05,734లో 15,471 అర్హమైనవిగా తేలాయి. అంటే దాదాపు ఏడున్నర శాతం. ఈ రద్దులన్నీ పేరుపోలిక వల్లనే జరిగాయనలేం. గణకశాస్త్ర వ్యాసంలో అది సహించదగిన దోషశాతంగానూ కనిపించవచ్చు. కానీ అవి 15,471 కుటుంబాల కార్డులు. మిగిలిన దరఖాస్తులు, అంటే మొత్తంలో సగానికి పైగా, ఆనాటికి పరిశీలనకే రాలేదు.