డార్విన్ పుస్తకంలో మన చోటు

డార్విన్ రాసిన ‘డిసెంట్ ఆఫ్ మ్యాన్’ 1871లో వచ్చింది. మనిషి కోతిలాంటి పూర్వీకుల నుంచి వచ్చాడని చెప్పిన పుస్తకంగానే చాలామందికి తెలుసు. అందులో మన ప్రస్తావన కూడా ఉంది. మరికొన్ని శతాబ్దాల్లో నాగరిక జాతులు ప్రపంచమంతటా ఆటవిక జాతులను నిర్మూలించి వాటి స్థానంలోకి వస్తాయని, అది దాదాపు ఖాయమని డార్విన్ రాశాడు. అది చదివాక పుస్తకం మూసేయాలనిపించింది. అయినా చివరిదాకా చదివాం.

చదవక తప్పదు. ఎందుకంటే పుస్తకం చూడనివాళ్లు కూడా ఆ వాదన వాడుతున్నారు. ఊరు ఖాళీ చేయించినా, అడవి పోయినా, భాష పోయినా ‘బలవంతుడిదే బతుకు, అది ప్రకృతి ధర్మం’ అంటారు. యోగ్యతముల సార్థక జీవనం అనే మాట మొదట 1864లో హెర్బర్ట్ స్పెన్సర్ వాడింది. డార్విన్ తర్వాత తీసుకున్నాడు. అక్కడ యోగ్యత అంటే ఆ పరిసరాల్లో బతికి పిల్లల్ని కనగలగడమే. మంచితనం, గొప్పతనం ఆ లెక్కలో లేవు.

మన ఏజెన్సీలో సికిల్ సెల్ ఉంది కదా, అదే చూడండి. ఆ జన్యువు తల్లిదండ్రుల్లో ఒక్కరి నుంచే వస్తే, మలేరియా ముదిరి ప్రాణం మీదికి వచ్చే ప్రమాదం తగ్గుతుంది. మలేరియా ఉన్న చోట్ల అది తరతరాలుగా నిలవడానికి కారణం ఇదే. ఇద్దరి నుంచీ వస్తే మాత్రం రక్తహీనత, ఒళ్లంతా నొప్పులు, ఒక్కోసారి చిన్న వయసులోనే చావు. తల్లి, తండ్రి ఇద్దరిలోనూ ఆ జన్యువు ఒక్కొక్కటి ఉంటే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. ప్రకృతి వరణానికి ఈ లెక్క సరిపోయింది. రాత్రంతా ఏడ్చే బిడ్డను ఒళ్లో పెట్టుకున్న తల్లికి సరిపోదు. రక్తపరీక్షలు చేయిస్తున్నామంటే, మందులు వాడుతున్నామంటే, ప్రకృతి చేసినదాన్ని ఒప్పుకోలేదనే అర్థం.

డార్విన్‌ని తీసిపారేయడం మా ఉద్దేశం కాదు. ఆయన బానిసత్వాన్ని అసహ్యించుకున్నాడు. నీతి ఎలా పుట్టిందో చెప్పిన అధ్యాయాలు ఇప్పటికీ చదవదగ్గవి. ఒకరికొకరు సాయపడేవాళ్లు, అందరి కోసం ప్రాణమిచ్చేవాళ్లు ఎక్కువున్న తెగ మిగతా తెగల మీద గెలుస్తుందని, ఆ గుణాలు అలా పెరిగాయని అంటాడు. వేట మాంసం ఇంటింటికీ వంతులు వేసుకున్న మనకు ఇది వింతగా తోచదు. కానీ ఈ లెక్కలో సాయం లోపలివాళ్లకే, గెలుపు బయటివాళ్ల మీద. మనుషులు తేనెటీగల్లా పెరిగి ఉంటే అన్నదమ్ములను చంపడం ఆడపిల్లలకు పవిత్ర ధర్మంగా తోచేదని ఆయనే ఒప్పుకున్నాడు. అన్ని దేశాల, అన్ని జాతుల మనుషుల మీదికీ సానుభూతి చేరాలని చెప్పేచోట, ఆయన వివేకాన్ని ఆశ్రయించాడు, ప్రకృతి వరణాన్ని కాదు.

మా అభ్యంతరం ఆ నిర్మూలన వాక్యం దగ్గరే. మనిషికీ కోతికీ మధ్య ఎడం ఇంకా పెరుగుతుందని చూపడానికి డార్విన్ దాన్ని వాడుకున్నాడు. రేపు వాన పడుతుందన్నట్టు చెప్పి ముందుకు వెళ్లిపోయాడు. చంపేది మనుషులే, వాళ్లు చంపకుండా ఉండగలరు అన్న ఊసు అక్కడ లేదు. ఆయన స్నేహితుడు హక్స్‌లీ 1893లో ఆక్స్‌ఫర్డ్ ఉపన్యాసంలో దారి మార్చాడు. సమాజం నీతిలో ముందుకు పోవాలంటే ప్రకృతి పోరును అనుకరించకూడదు, దానికి ఎదురు నిలవాలి అన్నాడు.

ఇంతవరకూ అడిగింది ఇంగ్లండు పెద్దమనిషిని. మనల్ని మనం కూడా అడగాలి. ఆదివాసీకి పంచుకోవడం పుట్టుకతోనే వచ్చిందని మన సభల్లో గర్వంగా చెప్పుకుంటాం. చేతబడి చేసిందన్న అనుమానంతో ముసలివాళ్లను కొట్టి చంపిన ఊళ్లు కూడా మన ప్రాంతాల్లో ఉన్నాయి. అలాంటి చోట ఐకమత్యానికి కొదవ ఉండదు. ఊరిని కాపాడుకుంటున్నామనే అందరూ అనుకుంటారు. గుంపును కాపాడే గుణమే నీతి అయితే దాన్నీ నీతి అనాల్సిందే. మేము అనలేం.

పిల్లలు వరసగా జ్వరంతో పోతే దోమ వల్ల పోయారని జీవశాస్త్రం చెబుతుంది, అది చాలా పెద్ద సాయం. గుంపుగా కర్రలు పట్టుకుని వెళ్లేటప్పుడు, ‘అవ్వ జోలికి పోకండి’ అని అడ్డం నిలబడే కుర్రవాడు మాత్రం ఆ ఊళ్లోంచే రావాలి.