రాబోవు కాలపు శిథిలములు

నేటి పింగాణీ శిల్పులలో కొందరికి ఒక వింత ఊహ కలిగినది. ఇంకను పుట్టని నాగరికత యొకటి పుట్టి, పెరిగి, నశించినదట! దాని త్రవ్వకములలో దొరకిన వస్తువులవలె వారు తమ శిల్పములను చేసి, కాల్చి, ప్రదర్శనశాలలలో నిలుపుచున్నారు. ఎందుకో తెలియని యంత్రభాగములు, ఎవరును చదువలేని ముద్రలు, విరిగిన అంచులు.

ఊహ మంచిదే. ఇనుము తుప్పు పట్టును. కాగితము చెదలపాలగును (జీవితమంతయు దస్త్రములు మోసిన గుమాస్తాకు ఈ సంగతి ఒకరు చెప్పనక్కరలేదు). కాలిన మట్టి నిలుచును. మెదకు సీమలోని కొండాపురమున 1940 దశకారంభమున త్రవ్వకములలో బయల్పడిన శాతవాహనకాలపు మట్టిబొమ్మలపై ఆనాటి కొప్పుల తీరు నేటికిని తెలియుచున్నది.

అయితే నా ఆక్షేపణ యొకటి. ఆ బొమ్మలు ఒకరి ఇంట నుండినవి, చేతులు మారినవి. నేటి శిల్పి కావలెనని విరిచిన అంచునకు ఆ చరిత్ర లేదు. అది నాటకములో కుర్రవానికి అంటించిన తెల్లగడ్డము వంటిది. 1944లో హైదరాబాదున జన్మించి, బరోడాలో విద్యనభ్యసించిన పి. ఆర్. దరోజ్ చేసిన నిలువెత్తు పింగాణీ ద్వారములను ఛాయాచిత్రములలో చూచితిని. వానియందు ఈ దోషము నాకు కనబడలేదు. ద్వారమన్నంతనే దానిని దాటినవారెవరను ప్రశ్న పుట్టును గదా!

ఇంతకును రాబోవు నాగరికతకై అంత దూరము పోనేల? మన కె.ఆర్.పురము ప్రక్కన దూరవాణీనగరులో 1948లో టెలిఫోను కర్మాగారము వెలసినది. చిత్తూరు, అనంతపురము సీమలనుండి వచ్చిన మన పెద్దలకు భవిష్యత్తనగా అదియే. రైలుకట్ట వెంబడి తంతిస్తంభములపై తీగలను మోసిన తెల్లని పింగాణీ గిన్నెలను మీరును చూచియుందురు. కొందరు రాళ్లతో గురిచూచి కొట్టియు నుందురు! తంతి సేవ 2013 జూలైలో ముగిసినది.

అట్టి గిన్నె నొకదానిని పాతసామాను అంగడిలో కొని తెచ్చితిని. వానకు పైభాగము తడిసినను లోని అంచు పొడిగా నుండవలెను. లేనిచో తీగలోని విద్యుత్తు స్తంభములోనికి జారిపోవును. అందుకే దానికి బోర్లించిన గంట ఆకారము. లోపల మేకును బిగించుటకు మరచుట్లు. అలంకారమునకై చేసిన గీత యొక్కటియు లేదు. అయినను చూచుటకు ఎంత ముచ్చట!

మా మనుమరాలు దానిని త్రిప్పి త్రిప్పి చూచి, “తాతా, ఇది గుడిగంటా? నాలుక ఏదీ?” అని అడిగినది. దీనిలోనుండి కాదు గాని దీనిమీదుగానే మాటలు పోయెడివని చెప్పితిని. నమ్మలేదు, చెవికి ఆనించుకొని చాలసేపు విన్నది.

ఆ పిల్లచేత అట్లు వినిపింపగల శిల్పము ప్రదర్శనలో నొకటి యున్నదని తెలిసినచో, రెండు బస్సులు మారియైనను పోయి చూచి వచ్చెదను.