కత్తి కదలదు, కాయే తిరుగుతుంది

డాలస్‌లో మా వదిన అవకాడో కోస్తుంటే పక్కన నిలబడి చూడాలి. బలం పెట్టడం కనిపించదు, చప్పుడు వినిపించదు. అదే పండును ఎడమ అరచేతిలో పెట్టుకుని గింజను కత్తి మొనతో పెకలించబోయి నరాలు తెగి ఆస్పత్రిలో చేరినవాళ్లు ఎందరో. ఈ గాయాలు పెరుగుతున్నాయని 2017లో బ్రిటన్ ప్లాస్టిక్ సర్జన్ల సంఘం తరఫున, పండ్ల మీద హెచ్చరిక చీటీ అంటించాలనే మాట కూడా వచ్చింది.

ఆమె పనితనం కత్తి పట్టకముందే మొదలవుతుంది. హాస్ రకం పండితే ఆకుపచ్చ పోయి నలుపెక్కుతుంది. వేలికొసలతో నొక్కితే గుజ్జు కందిపోతుందని అరచేత్తో మెల్లగా అదిమి చూస్తుంది. లొంగకపోతే ఆ రోజు కోయదు, అరటిపండుతో కలిపి కాగితం సంచిలో పెడుతుంది. పచ్చికాయ గింజను వదలదు. చెయ్యి బలం పెట్టేది, కత్తి జారేది అప్పుడే.

తరవాత కుళాయి కింద బ్రష్‌తో తొక్కంతా రుద్ది కడుగుతుంది. పారేసే తొక్కకు ఇంత సేవ ఎందుకనిపిస్తుంది. కానీ అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2018లో ఇచ్చిన నివేదిక చూస్తే, పరీక్షించిన 361 తొక్క నమూనాల్లో 64 మీద లిస్టీరియా అనే బ్యాక్టీరియా ఉంది. కత్తి దిగేటప్పుడు తొక్క మీది మురికి గుజ్జులోకి చేరుతుంది. కడిగాక పొడిగుడ్డతో తుడుస్తుంది, తడి కాయ పట్టు జారుతుంది కనక.

ఇక కోత. పలక కింద తడిగుడ్డ పరిచి, పండును పలక మీద పడుకోబెడుతుంది. చిన్న కత్తిని నిలువునా గింజ తగిలేదాకా దింపి అక్కడే ఆపేస్తుంది. ఇప్పుడు ఎడమచెయ్యి పండును పలక మీదే దొర్లిస్తుంది. కత్తిపీట ముందు పెరిగిన చెయ్యి అది: కత్తి తన చోటు వదలదు, కూరగాయే తిరుగుతుంది. గీత చుట్టూ వచ్చి మొదటి గాటును కలిశాక, కాయను పావువంతు తిప్పి ఇంకో గీత గీస్తుంది. మెలితిప్పితే పాయలు విడిపోతాయి, గింజ వేళ్లకే ఊడివస్తుంది. కత్తి మొన ఒక్కసారైనా అరచేతి వైపు చూడదు. నాకు ఈ పనిలో అన్నిటికన్నా అందంగా కనిపించేది ఇదే.

గుజ్జును చెంచాతో తోడదు. పాయ కొస దగ్గర తొక్కను బొటనవేలితో పట్టి అరటితొక్కలా ఒలుస్తుంది. తొక్కను ఆనుకుని ఉండే ముదురాకుపచ్చ పొరలోనే కెరోటినాయిడ్లు ఎక్కువ. చెంచా వాడితే అది తొక్కకే అంటుకుపోతుంది.

మిగిలిన ముక్కకు నిమ్మరసం రాసి, గాలి చొరకుండా కప్పి ఫ్రిజ్‌లో పెడుతుంది. నీళ్లలో ముంచి దాచే పద్ధతిని మాత్రం ఇంట్లోకి రానివ్వదు. తొక్క మీద సూక్ష్మజీవులుంటే ఆ నీళ్లలో అవి పెరుగుతాయి. తక్కినదాన్ని పచ్చిమిర్చి, ఉప్పు, కొత్తిమీరతో మెదిపి పచ్చడి చేస్తుంది. వేడి తగిలితే చేదెక్కుతుందని పోపు చల్లారాకే కలుపుతుంది.