లాకు తలుపు, కాలువ నీరు

ప్రకాశం బారేజీ వద్ద బయలుదేరిన ఏలూరు కాలువ విజయవాడలో గుణదల మీదుగా సాగిపోవును. కృష్ణా డెల్టాలోని ఇట్టి కాలువలపై లాకుల తలుపులు నీటిని నిలుపుచు, వదలుచు ఉండును. ఒక తలుపును ఊడదీసి గట్టుపై పరుండబెట్టినచో దాని పొడవు, వెడల్పు, బరువు చక్కగా కొలువవచ్చును. కాని నీటి ఒరవడికి అది ఎట్లు నిలుచునో, ఎట్లు తెరచుకొనునో గట్టుపై తెలియదు. మానవ కణపు పొరలోని మాంసకృత్తులను విడదీసి పరిశోధించు పద్ధతికి గల మేలును, కొరతను బేరీజు వేయుటకు ఈ పోలిక అక్కరకు వచ్చును.

జీవకణమును చుట్టియున్న పొర మందము మిల్లీమీటరులో లక్షవ వంతుకు లోపుగనే యుండును. రెండు వరుసలుగా అమరిన కొవ్వు అణువులే దాని దేహము. అందులో దిగబడియున్న మాంసకృత్తులు, అనగా ప్రోటీనులు, కణమునకు తలుపులవంటివి. కొన్ని నీటిని, లవణములను రానిచ్చును. కొన్ని వెలుపలి వార్తను లోనికి అందించును. ఈ రెండవ రకమునకు గ్రాహకములని పేరు. నేటి మందులలో ఇంచుమించు మూడవ వంతు ఒకే గ్రాహక కుటుంబముపై పనిచేయుచున్నవి. కనుక వీటి సంగతి సరిగా తెలియుట రోగికి కూడ అవసరమే.

శరీరములో ఇవి బహు స్వల్పముగా లభించును. అందువలన మానవ జన్యువును ఈస్టులోగాని, కీటక కణములోగాని, వేరొక జంతువు కణములోగాని చొప్పించి, దానిచేత మానవ మాంసకృత్తును తయారు చేయింతురు. ఇదియే పునఃసంయోజక పద్ధతి. పిదప సబ్బువంటి ద్రవ్యముతో పొరను కరగించి మాంసకృత్తును వెలికి తీయుదురు. ఈ పద్ధతి సాధించినది తక్కువ కాదు. 2007లో ఒక మానవ అడ్రినలిన్ గ్రాహకముయొక్క ఆకారము దీనివలననే స్పష్టపడెను. గ్రాహకములపై చేసిన కృషికి లెఫ్కోవిట్జ్, కోబిల్కా అను అమెరికా శాస్త్రజ్ఞులకు 2012లో రసాయనశాస్త్ర నోబెల్ బహుమతి లభించెను. అయితే స్ఫటికము కట్టించుటకై ఆ గ్రాహకములో ఒక భాగమును తొలగించి వేరొక మాంసకృత్తును అతికింపవలసి వచ్చెను. అది గట్టుపై ఊతకోలలు పెట్టి నిలిపిన తలుపు. విశేషమేమనగా, ఆ స్ఫటికములోను కొలెస్టరాల్ అణువులు గ్రాహకమును అంటిపెట్టుకొని కనిపించెను.

ఈ కొవ్వు గ్రాహకమునకు కేవలము ఆశ్రయమా, లేక దాని పనిలో భాగస్వామియా? హైదరాబాదులోని సి.సి.ఎం.బి. పరిశోధనాలయమున అమితాభ ఛటోపాధ్యాయ బృందము ఈ ప్రశ్ననే చేపట్టినది. మనోస్థితితో సంబంధముగల సెరటోనిన్ గ్రాహకములలో ఒకదానిని వారు ఎన్నుకొనిరి. 2004లో ప్రకటించిన ప్రయోగములలో పశువుల మెదడు పొరలనుండి కొలెస్టరాల్‌ను తీసివేయగా, గ్రాహకము తనకు తగిన అణువులను పట్టుకొను శక్తి తగ్గెను; తిరిగి చేర్చగా కోలుకొనెను. 2010లో మానవ గ్రాహకమును హాంస్టర్ అను ఎలుకజాతి జంతువు కణములలో తయారు చేయించి, స్టాటిన్ మందుతో కొలెస్టరాల్ ఉత్పత్తిని అరికట్టిరి. పొరలో గ్రాహకముల సంఖ్య తగ్గలేదు. వాటి పని మాత్రము మందగించెను. తలుపు ఉన్నది, తెరచుకొనుట తగ్గినది. ఈ కృషియొక్క గొప్పతన మిచ్చటనే యున్నది: తలుపును కాలువలోనే ఉంచి, నీటిని మార్చి చూచిరి.

కాని దీనికిని హద్దులు గలవు. హాంస్టర్ అండాశయ కణపు పొర మానవ మెదడు కణపు పొర కాదు. కొలెస్టరాల్‌ను తీసివేసినపుడు పొర బిగువు కూడ మారును. కనుక అది గ్రాహకమును నేరుగా తాకి పనిచేయుచున్నదా, పొర బిగువును మార్చి పనిచేయుచున్నదా అను సందేహము ఈ ప్రయోగములతోనే తీరదు. 2021లో వేరొక బృందము ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో ఇదే గ్రాహకముయొక్క ఆకారమును ప్రకటించి, దానిని తాకియున్న కొలెస్టరాల్‌ను చూపెను. ఆకారము చూపలేనిదానిని పొర చూపినది; పొర తేల్చలేనిదానిపై ఆకారము వెలుగు ప్రసరించినది. రెండు పద్ధతులును ఒకదాని కొకటి తోడు కావలెను. మరియొక హెచ్చరిక: గాజుపాత్రలోని కణములను చూచి, స్టాటిన్ వాడు రోగికి మనోవ్యాధి వచ్చునని తీర్మానించుట తగదు. అట్టి తీర్మానమునకు రోగులను పరీక్షించిన ఆధారమే కావలెను.

పాఠ్యపుస్తకములలోని పటములలో ఈ మాంసకృత్తులు కొవ్వు సముద్రములో తేలు కొండలవలె కనిపించును. 1972లో సింగర్, నికల్సన్ ప్రతిపాదించిన నమూనాకు అది సులభమైన చిత్రము. దానిని విడువ నవసరము లేదు. అయితే కొవ్వు ఏ పనియు చేయని నీరువంటిదని విద్యార్థి తలచినచో పటము దారి తప్పించినట్లే. గుణదలలో పాఠము చెప్పు ఉపాధ్యాయుడు నల్లబల్లపై ఆ పటమును గీసి, పిల్లలను ఒక్క ప్రశ్న అడిగినచో చాలును: కాలువలో నీరు తగ్గినపుడు, తలుపు చెడకయే, దాని పని ఎట్లు మారును?